పొట్ట చూడనామ్మా?

డాక్టర్ వకుళ దగ్గర సర్జరీ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు మొదటి పాఠం చేతులు రుద్దుకోవడం. అరచేతులు రెండూ వెచ్చబడేదాకా రుద్దుకోవాలి. రోగి మంచం పక్కన కూర్చుని "పొట్ట చూడనామ్మా?" అని అడగాలి. ఆవిడ సరేనన్నాకే చెయ్యి వెయ్యాలి. చెయ్యి పొట్ట మీద ఉన్నంతసేపూ కళ్ళు మాత్రం ఆవిడ ముఖం మీదే ఉండాలి. నొప్పి ఎక్కడుందో పొట్ట చెప్పేలోగా కనుబొమలు చెప్పేస్తాయని వకుళ నమ్మకం. ఇందులో ఏది తప్పినా, జబ్బు ఎంత సరిగ్గా పట్టుకున్నా సరే, ఆమె దగ్గర మార్కులు పడేవి కావు. పిల్లలు చాటుగా ఆమెను 'రుద్దుడు మేడమ్' అనేవాళ్ళు. ఆ సంగతి ఆమెకు తెలుసు, లోపల్లోపల కాస్త గర్వం కూడా.

కాలేజీ గోదావరి పాయ పక్కన, రొయ్యల చెరువుల మధ్య ఉంది. పేరుకు పెద్దాసుపత్రే గానీ, సీట్లు పెరిగినంతగా మంచాలు పెరగలేదు. పాఠాలు ఇంటి దగ్గర తెరమీద వినడం, నెలకో వారం మాత్రం వార్డుకు రావడం అనే పద్ధతి వచ్చాక పరిస్థితి మరీ అన్యాయమైపోయింది. ఒక్క అపెండిసైటిస్ కేసు దొరికితే చాలు, ముప్ఫై మంది చుట్టూ మూగేవాళ్ళు. ఆ రోగి జబ్బుతో కంటే వీళ్ళ నొక్కుళ్ళతో ఎక్కువ ఏడ్చేది. అది చూడలేకే వకుళ ఒక యంత్రం గురించి ఆలోచించింది. తర్వాత ఎవరేమన్నా సరే, మొదటి ఉద్దేశం మంచిదేనని ఒప్పుకోవాలి.

ఆలోచన చిన్నదే. ఆరోగ్యంగా ఉన్న మనిషికి సన్నని సెన్సర్లు కుట్టిన బనియన్ తొడగాలి. ఆ పొట్టను రకరకాలుగా తాకుతూ, ఎక్కడ నొక్కితే ఏ కండరం ఎంత బిగుస్తుందో, ఎంతసేపటికి వదులవుతుందో కంప్యూటర్‌కు ఎక్కించాలి. ఆ తర్వాత విద్యార్థి తన ఇంట్లో కూర్చుని గ్లవ్స్ తొడుక్కుంటే, చేతికింద ఆ పొట్ట నకలు తగులుతుంది. వెచ్చగా ఉంటుంది, ఊపిరికి పైకీ కిందకీ కదులుతుంది. దానికి కావలసిన జబ్బు తగిలించుకుని ఎన్నిసార్లయినా నేర్చుకోవచ్చు. నిజం మనిషికి వీసమంత నొప్పి ఉండదు.

వకుళ దానికి ఇంకొక గుణం కూడా పెట్టింది. బతికున్న కండరం నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు, తగిలిన చేతుల్ని గుర్తుపెట్టుకుంటుంది. నకలు కూడా అలాగే నేర్చుకుంటూ మారాలని ఆమె పట్టుబట్టింది. ఎన్నేళ్ళయినా ఒకేలా ఉండేదైతే దానికీ రబ్బరు బొమ్మకూ తేడా ఏముందని వాదించింది. అందరూ శభాష్ అన్నారు.

ఆ పొట్ట ఇచ్చింది పళ్ళాలమ్మ. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని ఆమెది. పిత్తాశయంలో రాళ్ళుంటే వకుళే ఆపరేషన్ చేసింది. కుట్లన్నీ మానిపోయాక చూపించుకోవడానికి వచ్చిన రోజున, వకుళ విషయం చెప్పి అడిగింది.

"నా పొట్టా?" పళ్ళాలమ్మ నోరు కొంగుతో మూసుకుని నవ్వింది. "అందులో ఏవుందండీ, గంజీ పచ్చిపులుసూ తప్ప! ఎంతమంది సూత్తారండీ?"

"వందల్లో చూస్తారు. వేలల్లో కూడా కావచ్చు. నీకేమీ తెలియదు, నొప్పి ఉండదు. వద్దంటే వద్దు, మొహమాటం లేదు."

"మా బవాని ఏడోతరగతితో మానేసిందండీ. ఆ పిల్లలన్నా సదువుకుంటారు, సూసుకోనివ్వండి. ముట్టుకుంటే అరిగిపోద్దా ఏంటి!" అని మళ్ళీ అంది. "ఒకటే మాటండీ డాట్రమ్మగారూ. సల్లటి సేతులతో మాత్రం ముట్టుకోవద్దనండి. పొద్దస్తమానం ఐసులో సేతులెట్టి పని సేత్తాం కదండీ, సల్లటి సెయ్యి తగిల్తే నాకు ఒళ్ళంతా బిగుసుకుపోద్ది. మా బవాని పసిపిల్లప్పుడు దాన్ని ఎత్తుకోవాలన్నా, ముందు పొయ్యి కాడ సేతులు కాసుకునేదాన్నండి."

వకుళకు కడుపు నిండిపోయింది. తను ఇన్నేళ్ళుగా పిల్లలకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టిన సంగతే ఇది. అందుకే యంత్రంలో ఆ నియమాన్ని అలాగే పెట్టేసింది. విద్యార్థి గ్లవ్స్‌తో చేతులు రుద్దుకోవాలి, "పొట్ట చూడనామ్మా?" అని పైకి అడగాలి. అప్పుడు పళ్ళాలమ్మ గొంతే పలుకుతుంది. "సూడండి బాబూ, అరిగిపోద్దా ఏంటి!" ఆ తర్వాతే పొట్ట చేతికి అందుతుంది. మొదటి బ్యాచ్ పిల్లలు ఆ మాటకు పడీ పడీ నవ్వారు. తెర మీద పేరు 'పేషెంట్ వన్' అని ఉన్నా, పిల్లలందరికీ ఆవిడ 'అరిగిపోద్దా ఆంటీ' అయిపోయింది.

మరుసటి ఏడు సర్వే జరిగింది. చదువుకునే వాతావరణం ఎలా ఉందో, తమ చదువు మీద తమకెంత స్వేచ్ఛ ఉందో విద్యార్థులే మార్కులు వేసే సర్వే అది. అందులో కాలేజీకి అనుకున్నన్ని మార్కులు రాలేదు. డీన్ రంగనాయకులు మీటింగ్ పెట్టించాడు. విద్యార్థుల తరఫున హేమంత్ లేచి నిలబడ్డాడు. క్లాసులో అందరికంటే ముందుండే కుర్రాడు, మాటలో మర్యాద ఉన్నవాడు.

"మేడమ్, మేం చిన్నపిల్లలం కాదు. ఏది నేర్చుకోవాలో, ఎలా నేర్చుకోవాలో మేం తేల్చుకోగలం. ఒక్కో కేసుకీ చేతులు రుద్దుకుని, అడిగి, ఆవిడ జవాబు వినేసరికి బోలెడు టైము పోతోంది. అది కంప్యూటర్ కదా మేడమ్, కంప్యూటర్ని పర్మిషన్ అడగడమేంటి?"

హాలంతా గొల్లుమంది. వకుళకూ నవ్వొచ్చింది.

"రేపు వార్డులో అడగడం మర్చిపోతావురా," అందామె.

"వార్డులో మనిషి ఉంటుంది కదా మేడమ్. అక్కడ తప్పకుండా అడుగుతాం."

ఆ జవాబులో తప్పు ఎక్కడుందో వకుళకు అప్పుడు దొరకలేదు. డీన్ ఆమె వంక చూశాడు. ఆమె తలూపింది. అలా తెర మీద ఒక మూల 'మీ ఇష్టం' అనే బటన్ వచ్చింది. అది నొక్కితే రుద్దుకోవడం అక్కర్లేదు, అడగడం అక్కర్లేదు, తెర మీద ఆవిడ ముఖం కనిపించే కిటికీని కూడా మూసేయొచ్చు. పొట్ట ఒక్కటే మిగులుతుంది. ఆ మరుసటి సర్వేలో కాలేజీకి రాష్ట్రంలోనే మొదటి స్థానం వచ్చింది. ఊరూరా కాలేజీలు పేషెంట్ వన్‌కు చందా కట్టాయి. ఏ ఊళ్ళో ఏ విద్యార్థి గ్లవ్స్ తొడుక్కున్నా చెయ్యి వచ్చి పడేది ఈ లాబ్‌లో ఉన్న ఆ ఒక్క నకలు మీదే.

స్వేచ్ఛ వాళ్ళదయ్యాక మేష్టార్ల పని పల్చబడింది. వకుళ రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ తెర మీద ఎవరెవరు ఎంత నేర్చుకున్నారో చూసుకునేది. అన్నీ పచ్చరంగులో ఉండేవి. "నువ్వు పెరట్లో మొక్కల వంక కూడా ఇంత మురిపెంగా చూడవు," అని భర్త ఏడిపించేవాడు. చూసింది తెరనే, గ్లవ్స్ తొడుక్కుని ఆ పొట్టను తాకిన పాపాన పోలేదు. నేర్పాల్సినవాళ్ళకు తాకాల్సిన అవసరమేముంది? యంత్రంలో పైమెట్టు ఎక్కినవాళ్ళు వార్డులో చేత్తో చూసి చెబితే చాలు, ఎక్సరే స్కానింగులు అక్కర్లేదని ఆసుపత్రి బోర్డు కూడా పెట్టేసింది.

పళ్ళాలమ్మ అప్పుడప్పుడూ ఆసుపత్రి మెట్ల దగ్గర తగిలేది. ఆ వేసవిలో ఒకసారి వకుళను ఆపి పలకరించింది.

"నా పొట్ట బాగుందాండీ? పిల్లలు బాగా సదువుకుంటన్నారా?"

"బ్రహ్మాండంగా చదువుతున్నారు. నీ సంగతేంటి? చిక్కిపోయావే?"

"మోకాళ్ళండీ. నిలబడి పనిగదా. మందుల షాపోడు బిళ్ళలిత్తన్నాడు, రోజూ ఏసుకుంటన్నాను. కడుపులో మంటగా ఉంటంది గానీ, నొప్పి తగ్గుతందండీ."

"ఆ బిళ్ళలు మానెయ్, కడుపు పాడవుతుంది. రేపు ఓపీకి రా, చూస్తాను," అని వకుళ గబగబా మెట్లెక్కింది. పైన వేరే కాలేజీ వాళ్ళు ఎదురుచూస్తున్నారు. పళ్ళాలమ్మ మర్నాడు రాలేదు, షెడ్డుకు సెలవు దొరికి ఉండదు. వకుళకూ ఆ మాట మళ్ళీ గుర్తుకు రాలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే, వకుళ మరో ఊళ్ళో యంత్రం ప్రారంభానికి వెళ్ళిన రోజున, మధ్యాహ్నంపూట పళ్ళాలమ్మ కడుపునొప్పితో క్యాజువాలిటీకి వచ్చింది. అక్కడ హౌస్ సర్జన్ హేమంత్.

వకుళ మర్నాడు పొద్దున తిరిగొచ్చేసరికి పళ్ళాలమ్మను రెండోసారి తీసుకొచ్చారు. కళ్ళు లోతుకుపోయాయి, కాళ్ళూ చేతులూ మంచులా ఉన్నాయి. తలదగ్గర కూతురు భవాని నిలబడి ఉంది. వకుళ అరచేతులు రుద్దుకుంది.

"పొట్ట చూడనామ్మా?"

"సూడండి," అంది పళ్ళాలమ్మ. మాట గొణుగులా వచ్చింది. "నిన్న వచ్చానండి. ఆ బాబు మంచోడండీ. నా పొట్ట మీదే సదువుకున్నాడంట, నా కాళ్ళకి దణ్ణవెట్టాడు."

వకుళ చేతికి పొట్ట చెక్కలా తగిలింది. పేగుకో, జీర్ణాశయానికో చిల్లు పడితే పొట్ట ఇలా బిగుస్తుంది. మనిషి బిగించేది కాదది, లోపల నిప్పంటుకుంటే పొట్ట తనంతట తాను తలుపులేసుకుంటుంది. వైద్యం చదివే ప్రతి పిల్లా, పిల్లాడూ చేత్తో పట్టుకోవాల్సిన మొదటి ప్రమాదం ఇదే. యంత్రం కట్టిందే దీనికోసం.

ఆపరేషన్ చేశారు. మోకాళ్ళ బిళ్ళలు జీర్ణాశయానికి పెట్టిన చిల్లు కనిపించింది. ఒక రోజు ముందయితే ఏ కుర్ర సర్జనైనా కుట్టేసే చిల్లు. ఇప్పుడు కడుపంతా చీము. ఆ సాయంత్రమే పళ్ళాలమ్మ పోయింది.

వకుళ హేమంత్‌ని తన గదికి పిలిచి తలుపేసింది. కొట్టాలనిపించింది ఆమెకు, నిజంగానే.

"నిన్న ఆ పొట్ట నీ చేతికి ఎలా తగిలింది?"

"మామూలుగానే ఉంది మేడమ్."

"చెక్కలా ఉంది రా!"

"ఎప్పుడూ అలాగే ఉంటుంది కదా మేడమ్." "నాకు తెలిసిన పొట్టే. ఎన్ని వందలసార్లు చూశానో. పేషెంట్ వన్ అని తెలియగానే ప్రాణం లేచొచ్చింది. చెయ్యి వెయ్యగానే అదే బిగువు, యంత్రంలో ఎలా ఉంటుందో అచ్చం అలాగే. జబ్బేమీ పెట్టకపోయినా అలాగే ఉంటుంది. గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పంపించాను." నేల చూస్తూ అన్నాడు. "వార్డులో ఎవరికైనా పొట్ట మెత్తగా తగిలితేనే నాకు భయమేసేది మేడమ్. అలాంటివాళ్ళను స్కానింగ్‌కి పంపేవాణ్ణి. మా బ్యాచ్‌లో అందరం అంతే."

"చెయ్యి వేసే ముందు అడిగావా?"

అతను రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.

వకుళ లాబ్‌కు వెళ్ళి, ఎన్నాళ్ళకో గ్లవ్స్ తొడుక్కుంది. తెర మీద 'మీ ఇష్టం' వెలుగుతోంది. జబ్బేమీ పెట్టలేదు, మామూలు పొట్టే. చెయ్యి చాపింది. ఇంకా జానెడు దూరం ఉండగానే పక్కన కండరం బిగువు చూపే గ్రాఫు నిట్టనిలువుగా లేచింది. చెయ్యి తగిలేసరికి పొట్ట బిగుసుకుని ఉంది. పొద్దున తాకిన బిగువే.

అది నేర్చుకుంది. నేర్చుకోమని పెట్టింది తనే. ముఖం చూడని చేతులు, అడగని చేతులు వేలకు వేలు, ఏ వేళప్పుడంటే ఆ వేళప్పుడు వచ్చి నొక్కి పోతుంటే, ఏదో ఒక రోజు అది చెయ్యి రాకముందే ముడుచుకోవడం మొదలుపెట్టింది. దెబ్బలు తిన్న కుక్క, చెయ్యెత్తితే చాలు, ముడుచుకుంటుంది చూడండి, అలాగ. ఆ మార్పు ఒక్కరోజులో వచ్చింది కాదు గనక పిల్లలెవరికీ తెలియలేదు. అందరి చేతులూ ఒకే మాట చెబుతుంటే యంత్రం ఆ బిగువునే మామూలుగా రాసుకుంది. పచ్చరంగు చూపించింది. భయపడ్డ పొట్ట ఎలా ఉంటుందో రెండు బ్యాచ్‌ల డాక్టర్లు ఆరోగ్యం పేరుతో నేర్చుకున్నారు.

"పొట్ట చూడనామ్మా?" అని అడిగి చూద్దామనిపించింది వకుళకు. అడిగితే పలికేది పళ్ళాలమ్మ గొంతే. గ్లవ్స్ తీసేసి బయటికొచ్చింది.

డీన్ రంగనాయకులు అంతా విన్నాడు. విని బాధపడ్డాడు కూడా, మనిషి చెడ్డవాడు కాదు.

"యంత్రం ఆపేయాలి సార్," అంది వకుళ.

"వచ్చే వారం పరీక్షలమ్మా. అన్ని కాలేజీలూ దీని మీదే ఉన్నాయి. ఆపేస్తే పిల్లలేమైపోతారు? నువ్వు చెప్పేది అది భయం నేర్చుకుందని, అంతేగా? మొదటి రోజు తీసిన నకలు మన దగ్గర భద్రంగా ఉంది. పాతది తీసేయించి రేపు పొద్దున తొమ్మిదింటికల్లా అది పెట్టిస్తాను. మెత్తగా ఉంటుంది. ఇంకేం?"

"అది కూడా నేర్చుకుంటుంది సార్. కనీసం అడిగేదైనా మళ్ళీ తప్పనిసరి చేద్దాం. ఆ బటన్ తీసేయండి."

"వాళ్ళ స్వేచ్ఛ మీద చెయ్యి వేస్తే సర్వేలో ఏమవుతుందో నీకు తెలీదా? నేర్చుకుంటే మళ్ళీ మొదటి రోజుది పెడదాం. నెలకోసారి పెడదాం. కావలసిన కాగితాలన్నీ ఆవిడ ఇచ్చే పోయింది."

నెలకోసారి. మెత్తగా, నమ్మకంగా మొదలవడం, నెల తిరిగేసరికి ముడుచుకుపోవడం, దాన్ని చెరిపేసి మళ్ళీ మెత్తటిదాన్ని తెచ్చి ఆ చేతులకింద పడుకోబెట్టడం. వకుళ కుర్చీలోంచి లేచింది.

"ఆ మొదటిది కూడా లేకపోతే?"

"ఇంకొకరిని చూసుకుంటాం. ఈ ఊళ్ళో పొట్టలకు కరువా?" అన్నాడు డీన్, విసుగ్గా.

మర్నాడు పొద్దున్నే వకుళ లాబ్ తలుపు తీసేసరికి భవాని వరండాలో కూర్చుని ఉంది. రాత్రే తల్లి దహనం అయింది. తనూ ఆ షెడ్డులోనే పని, కూలి పోతుందని తెల్లవారకముందే వెళ్ళి సరాసరి ఇటే వచ్చినట్టుంది, చేతివేళ్ళు ఐసుకు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"మా అమ్మ పొట్ట మీ కాడ ఉందంట గదండీ," అంది.

వకుళ ఆ పిల్లను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి ఏమీ దాచకుండా చెప్పింది. యంత్రం సంగతి, బటన్ సంగతి, హేమంత్ ఎందుకు పొరబడ్డాడో ఆ సంగతి. భవాని రెప్ప వేయకుండా వింది.

"అంటే మా అమ్మని నొక్కీ నొక్కీ, ఆ నొక్కుడుతోనే సంపేశారన్నమాట."

"అవునమ్మా," అంది వకుళ.

"ఆళ్ళంతా అడిగేవోళ్ళాండీ? ముట్టుకునే ముందు?"

"మొదట్లో అడిగేవాళ్ళు."

భవాని బల్ల మీద గ్లవ్స్ వంక చూసింది. "ఒకపాలి ముట్టుకోనిత్తారా?"

మొదటి రోజు నకలు అప్పటికే ఎక్కించి ఉంది. తొమ్మిది కాగానే పిల్లలు వచ్చేస్తారు. గ్లవ్స్ తొడుక్కునే ముందు భవాని అరచేతులు రుద్దుకోవడం మొదలుపెట్టింది. గ్లవ్స్‌లోంచి ఆ వేడి అవతలికి వెళ్ళదని చెప్పబోయి వకుళ ఊరుకుంది. ఆ పిల్ల రుద్దుకుంది, నోటి ఆవిరి పట్టుకుంది, మళ్ళీ రుద్దుకుంది. అప్పుడు తొడుక్కుంది.

"అడుగు," అంది వకుళ.

"అమ్మా, నేనే. ముట్టుకోనా?"

"సూడండి బాబూ, అరిగిపోద్దా ఏంటి!"

గదిలో పళ్ళాలమ్మ నవ్వు వినిపించింది. భవాని నిలువునా కదిలిపోయింది. చెయ్యి ఆనించింది. గ్రాఫు కదల్లేదు. పొట్ట మెత్తగా, ఊపిరికి లేస్తూ దిగుతూ ఉంది.

"ఎచ్చగా ఉందండీ," అంది. కాసేపటికి మళ్ళీ అడిగింది. "అమ్మా, నేను. బవానిని."

"సూడండి బాబూ, అరిగిపోద్దా ఏంటి!"

"నన్ను అండీ అంటంది," అంది భవాని. కళ్ళనీళ్ళు చెంపల మీదుగా జారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. "ఇది మా అమ్మ కాదండీ. నాకు తెలుత్తానే ఉంది. గానీ ఆ పిల్లలొచ్చి నొక్కితే బయపడద్ది కదా?"

"భయపడుతుంది."

"మా అమ్మలాగే?"

"అచ్చం మీ అమ్మలాగే. ఆవిడ నరాలే ఇవి."

వకుళ తెర మీద చెరిపేసే చోటు తెరిచింది. పాత నకలు నిన్నే పోయింది. దాచిన మొదటి రోజుదీ, ఎక్కించిన ఇదీ ఆ ఒక్క చోటే ఉన్నాయి, చెరిపితే ఇంక ఎక్కడా లేదు. తన ఉద్యోగం పోతుంది, కేసు కూడా పెడతారేమో. రేపో మాపో డీన్ ఇంకెవరో ఆడమనిషిని తెచ్చి ఆ బల్ల మీద పడుకోబెడతాడు, ఆవిడా నవ్వుతూనే ఒప్పుకుంటుంది. అవన్నీ వకుళకు తెలుసు. అయినా ఈ ఒక్క పని మాత్రం అడక్కుండా చెయ్యదలుచుకోలేదు.

"ఆపేయనామ్మా?" అని భవానిని అడిగింది.

గోడ మీద గడియారం తొమ్మిదికి దగ్గరపడుతోంది. తెర మూలన విద్యార్థుల పేర్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. 'మీ ఇష్టం' అందరికీ పచ్చగానే ఉంది.

"ఇంకొక్కపాలి అడుగుతానండీ," అంది భవాని. వంగి, నిద్రపోయేవాళ్ళ దగ్గర మాట్లాడినట్టు మెల్లగా అడిగింది. "అమ్మా, ముట్టుకోనా?"

"సూడండి బాబూ, అరిగిపోద్దా ఏంటి!"

"ఇంక ఆపేయండి."

వకుళ నొక్కింది. గ్రాఫు గీతలా సాగి ఆగిపోయింది. భవాని చెయ్యి తియ్యలేదు. అలవాటు మీద ఇంకోసారి "అమ్మా" అంది. ఈసారి ఎవరూ పలకలేదు.

"సల్లబడిపోయిందండీ," అంది.

బల్ల మీద ఫోను మోగడం మొదలుపెట్టింది. డీన్ నంబరు. వకుళ ఆ పిల్ల చేతుల్లోంచి గ్లవ్స్ ఒక్కొక్కటే విడదీసి, పాలిపోయిన వేళ్ళను తన అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. ఫోను మోగుతూనే ఉంది.